అది మనవల్ల కాదన్నది ఎవరు?

కిందటి అక్టోబరులో, దీపావళి ఇంకో వారం ఉందనగా, మా పెద్దనాన్న తన లాప్‌టాప్‌ని గుడ్డసంచిలో పెట్టుకుని తెనాలి నుంచి గుంటూరు వెళ్లాడు. 2016లో కొన్న యంత్రం. మీట నొక్కితే వెలుగుతుంది. తెర మీద గీత లేదు, కీబోర్డులో ఒక్క అక్షరం ఊడలేదు. కాస్త నెమ్మదిగా నడుస్తోంది, పైగా విండోస్ 10కి ఇక మద్దతు ఉండదన్న హెచ్చరిక వస్తోంది. దాని జబ్బు అంతే. రిపేరు షాపులో కుర్రాడు వెనక్కి తిప్పి చూసి, "దీని పనైపోయింది సార్. విండోస్ 11 దీనికి ఎక్కదు. యాభై వేలు పెట్టుకుంటే మంచిది వస్తుంది, తీసేసుకోండి" అన్నాడు. పెద్దనాన్న అక్కణ్ణుంచే నాకు ఫోన్ చేశాడు. విండోస్ బదులు లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేస్తారేమో అడుగు పెద్దనాన్నా అన్నాను. ఆ కుర్రాడి జవాబు నాకు ఫోన్లోనే వినిపించింది. "లైనక్సా? అది ఇంజనీర్లకి సార్. మీలాంటివాళ్లవల్ల కాదు."

పెద్దనాన్న తెలుగు పండితుడిగా చేరి ప్రధానోపాధ్యాయుడిగా రిటైరయ్యాడు. పద్యమంటే పారిపోయే పిల్లల చేత ఉత్పలమాలకి గణవిభజన చేయించిన మనిషి. ఆ మాటకి ఎదురు చెప్పలేదు. "నిజమేలేరా, ఈ వయసులో ఇవన్నీ మనకెందుకు" అన్నాడు. నాకు బాధ కలిగింది ఆ కుర్రాడి మాటకి కాదు, పెద్దనాన్న దాన్ని అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు. ఆ కుర్రాడు తాను విన్నదే తిరిగి చెప్పాడు. పాతికేళ్లుగా మన కాలేజీల్లో, ఆఫీసుల్లో, కంప్యూటరు కోచింగు సెంటర్లలో అందరూ అంటున్న మాటే అది. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఆ "పనైపోయింది" సంగతి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా అందే భద్రతా సవరణలు ఆగిపోయాయి. అడిగి నమోదు చేసుకున్నవాళ్లకి ఒక ఏడాది పొడిగింపు ఇచ్చారు, అదీ 2026 అక్టోబరు దాకే. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసరు పేరు కంపెనీ జాబితాలో ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ జాబితా, ఒకటి రెండు మినహాయింపులు పోను, 2017లో వచ్చిన 8వ తరంతో మొదలవుతుంది. పెద్దనాన్న యంత్రంలో ఉన్నది 6వ తరం. నిన్నటిదాకా చేసిన పనులన్నీ ఆ ప్రాసెసరు ఇవాళ కూడా చేస్తుంది. జాబితాలో దాని పేరు లేదు, అంతే. ఈ కారణంగా ప్రపంచం మొత్తం మీద 24 కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పకి చేరవచ్చని కెనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023 డిసెంబరులోనే అంచనా వేసింది. ఆ చెత్త మన దేశంలో ఎక్కడికి చేరుతుందో ఢిల్లీ సీలంపూర్ సందుల్లో తిరిగినవాళ్లకి తెలుసు. అక్కడ మనుషులు ఒట్టి చేతులతో సర్క్యూట్ బోర్డులు విప్పి, కాల్చి, ఆసిడ్‌లో ముంచి రాగి తీసుకుంటారు.

కొత్త యంత్రాల్లో భద్రతా చిప్ ఉండటం మంచిదే. అది లేని యంత్రం ఇక బతకకూడదన్న తీర్పునే నేను ఒప్పుకోను. డబ్బిచ్చి కొన్నది పెద్దనాన్న. ఆ తీర్పు ఇవ్వాల్సినవాడూ ఆయనే.

మరుసటి ఆదివారం తెనాలి వెళ్లాను. రెండు వేల చిల్లర పెట్టి కొన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి, లైనక్స్ మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకెళ్లాను. పాత హార్డ్ డిస్కు విప్పి ఎస్‌ఎస్‌డీ బిగించి మింట్ వేయడానికి గంట పట్టలేదు. పెద్దనాన్నకి కంప్యూటరుతో ఉన్నవి మూడు పనులు: పొద్దున్నే పేపర్లు చదవడం, డాలస్‌లో ఉన్న మనవరాలితో వీడియోలో మాట్లాడటం, తన పద్యాలు టైపు చేసుకోవడం. మొదటి రెండూ బ్రౌజరులో అయిపోయాయి. మూడోదాని దగ్గర కూర్చున్నాం. లిబ్రేఆఫీస్ తెరిచి తెలుగు కీబోర్డు పెట్టి ఇచ్చాను. నాలుగు పాదాలు కొట్టాక తలెత్తి, "ఒరేయ్, అరసున్న ఎక్కడుందిరా?" అన్నాడు. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో షిఫ్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కాలి. చూపించాను. ఒకసారి నొక్కి చూసుకుని, డైరీలో రాసుకుని, మళ్లీ పద్యంలో పడ్డాడు. ఆ తర్వాత నాలుగు నెలల్లో నాకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. అందులో రెండుసార్లు ప్రింటరు కోసం. ప్రింటరు నిజంగానే ఇబ్బంది పెట్టింది, దాచను. అంతకుముందు విండోస్ ఉన్న రోజుల్లో ఇంతకన్నా ఎక్కువసార్లే ఫోన్ చేసేవాడు.

ఒక్క పెద్దనాన్నని చూపించి వాదన నెగ్గలేనని నాకూ తెలుసు. అందుకని కేరళకి వెళ్దాం.

ఇస్రో మాజీ ఛైర్మన్ యు.ఆర్. రావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సిఫారసుల మీద కేరళ ప్రభుత్వం 2001లో ఐటీ ఎట్ స్కూల్ అనే పథకం మొదలుపెట్టింది. తొలినాళ్లలో అక్కడా పాఠాలు మైక్రోసాఫ్ట్ సరుకు చుట్టూనే తిరిగాయి. అభ్యంతరం లేవనెత్తినవాళ్లలో ఉపాధ్యాయులే ముందున్నారు. సర్కారు బడిలో ఒక కంపెనీ వస్తువు వాడకాన్ని పాఠమని ఎలా చెబుతాం, పిల్లాడు ఇంటికెళ్లి నేర్చుకోవాలంటే ఆ వస్తువు కొనాలి లేదా దొంగిలించాలి కదా అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదని ప్రభుత్వం ఒప్పుకుంది. పుస్తకాలు మారాయి. బడి కంప్యూటర్లలోకి గ్నూ లైనక్స్ వచ్చింది. ఆ దశాబ్దం ముగిసేసరికి పదో తరగతి ఐటీ పరీక్ష కూడా దాని మీదే నడిచింది.

ఈ మార్పుని భుజాన వేసుకున్నది ఇంజనీర్లు కాదు. లెక్కల టీచర్లు, సోషల్ టీచర్లు, మలయాళం మాస్టార్లు. ముందు కొందరు నేర్చుకుని మిగతావాళ్లకి నేర్పారు. పథకం పెరిగి 2017లో కైట్ అనే ప్రభుత్వ సంస్థ అయింది. బడులకి ఏం కావాలో చూసుకుని, జామెట్రీకి జియోజీబ్రా, బొమ్మలకి గింప్, ఇలా ఒక్కొక్కటీ కూర్చి తమ ఆపరేటింగ్ సిస్టం తామే తయారుచేసుకుంటున్నారు. 2019లో విడుదల చేసిన వెర్షన్ రెండు లక్షల కంప్యూటర్లకి ఉద్దేశించింది. లైసెన్సులు కొనాల్సి ఉంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే 3,000 కోట్ల రూపాయలు మిగిలాయన్నది కైట్ చెప్పిన లెక్క. ఆ లెక్కలో సగం కొట్టేసినా నాకు అభ్యంతరం లేదు, వాదన మారదు. 2018లో మొదలైన లిటిల్ కైట్స్ క్లబ్బుల్లో హైస్కూలు పిల్లలే తమ బడి యంత్రాల బాగోగులు చూసుకుంటున్నారు. మలయాళం మాస్టారు చేయగలిగింది తెలుగు పండితుడి వల్ల ఎందుకు కాదు? పన్నెండేళ్ల పిల్ల చేయగలిగింది మన కలెక్టరాఫీసు గుమాస్తావల్ల ఎందుకు కాదు? ఈ రెండు ప్రశ్నలకి సూటిగా జవాబు చెప్పినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

ఇక్కడికొచ్చేసరికి ఎవరో ఒకరు మ్యూనిక్ పేరెత్తుతారు. జర్మనీలో ఆ నగరపాలక సంస్థ లైనక్స్‌కి మారి, చేతులు కాల్చుకుని, మళ్లీ విండోస్‌కి వెళ్లిపోయింది కదా అంటారు. అది సగం కథ. 2003లో మ్యూనిక్ ఆ నిర్ణయం దిశగా నడుస్తుంటే ఆపడానికి మైక్రోసాఫ్ట్ అధినేత స్టీవ్ బామర్ స్వయంగా వెళ్లి మేయర్ని కలిశాడు. అయినా నగరం ముందుకే వెళ్లింది. 2013కల్లా దాదాపు 15,000 యంత్రాలు లైనక్స్ మీదకి వచ్చాయి. ఆ గుమాస్తాలు వాటి మీద ఏళ్లపాటు పనిచేశారు. మేయర్ మారాక, 2017లో కౌన్సిల్ ఓటు వేసి విండోస్‌కి తిరిగి వెళ్లాలని తీర్మానించింది. అది రాజకీయ నిర్ణయం. 2020లో వచ్చిన కొత్త పాలక కూటమి ప్రజల సొమ్ముతో రాసే కోడ్ ప్రజలదే కావాలని మళ్లీ రాసుకుంది. ఇంతలో ఫ్రాన్స్‌లో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. అక్కడి జాతీయ జెండార్మరీ, అంటే పల్లెల్లోనూ చిన్న ఊళ్లలోనూ కాపలా కాసే పోలీసు దళం, 2008 నుంచి ఉబుంటు ఆధారంగా తాము చేసుకున్న జెండ్‌బుంటుకి మారుతూ వచ్చింది. పదుల వేల కంప్యూటర్లు. వెనక్కి పోలేదు. ష్లెస్విగ్ హోల్‌స్టైన్ అనే జర్మన్ రాష్ట్రం 30,000 మంది ఉద్యోగుల యంత్రాలని లిబ్రేఆఫీస్‌కీ, ఆ తర్వాత లైనక్స్‌కీ మారుస్తామని 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. మ్యూనిక్ ఒక్కటే గుర్తుండి ఇవి గుర్తులేకపోతే, మనం చరిత్ర చదవడం లేదు, మనకి కావలసిన ముక్క ఏరుకుంటున్నాం.

"బాగానే ఉంది, మరి పిల్లలకి ఉద్యోగాలు?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోను, ఫీజుల కోసం పొలాలమ్మిన ఇళ్ల నుంచి వచ్చే ప్రశ్న ఇది. ఒకసారి హైదరాబాదు అమీర్‌పేటలో దిగి కోచింగు సెంటర్ల బోర్డులు చదవండి. లైనక్స్ అడ్మిన్, డెవాప్స్, క్లౌడ్. శ్రీకాకుళం నుంచీ ఆదిలాబాద్ నుంచీ వచ్చిన బీటెక్ పిల్లలు వేలకి వేలు ఫీజు కట్టి అక్కడ నేర్చుకుంటున్నది దాన్నే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లలో లైనక్స్ లేనిది ఒక్కటీ లేదు. మైక్రోసాఫ్ట్ వారి సొంత క్లౌడ్ అజూర్‌లో సగానికి పైగా నడిచేది లైనక్సే. మన జేబులో ఆండ్రాయిడ్ ఫోను అడుగునున్నదీ లైనక్స్ కెర్నలే. ఆరో తరగతిలో ఊరికే చేతికొచ్చే దాన్ని "నీవల్ల కాదు" అని దాచిపెట్టి, ఇరవై రెండేళ్లొచ్చాక అదే నేర్చుకోమని హాస్టల్ గదికీ కోచింగుకీ డబ్బు కట్టిస్తున్నాం. పిల్లలకి మనం చేస్తున్న అన్యాయాల్లో ఇదొకటని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఊరికే వచ్చేదానికి విలువుండదన్న మాట కూడా వింటాం. ఇంగ్లిషులో స్వేచ్ఛకీ ఉచితానికీ ఒకటే మాట ఉండటంతో, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమానికి ఆద్యుడు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రకటించిన నాటి నుంచీ ఆ తేడా చెప్పలేక సతమతమవుతున్నాడు. తెలుగులో ఆ చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 2005లో హైదరాబాదులో పని మొదలుపెట్టి, విద్యార్థుల చేతుల మీదుగా తెలుగు ఆపరేటింగ్ సిస్టం తెచ్చిన బృందం తన పేరు స్వేచ్ఛ అనే పెట్టుకుంది. కోడ్ చదవవచ్చు, మార్చవచ్చు, పక్కవాడికి ఇవ్వవచ్చు, ఏ పనికైనా వాడవచ్చు. ధర సున్నా కావడం వీటివల్ల వచ్చి చేరిన సంగతి. ఇక ఉచితానికి విలువ లేదనేవాళ్లని ఒకటి అడగాలి: మన ఇళ్లలో ఉన్న విండోస్‌కి ఎందరు డబ్బు కట్టారు? 2017లో మన దేశంలో వాడిన సాఫ్ట్‌వేరులో 56 శాతం లైసెన్సు లేనిదని సాఫ్ట్‌వేరు కంపెనీల కూటమి బీఎస్‌ఏ తానే లెక్కగట్టింది. అయిదు వందలిస్తే వీధి చివర కుర్రాడు క్రాక్ వేస్తాడు. వేసేముందు యాంటీవైరస్ ఆపేస్తాడు. న్యాయంగా చేతికందే దాన్ని వదిలి, దొంగతనంగా తెచ్చుకున్న దాన్ని గొప్పదనుకుంటున్నాం.

అన్నిటిలోకీ బరువైన అభ్యంతరం డీటీపీ సెంటర్ల నుంచి వస్తుంది. దాని దగ్గర ఎక్కువసేపు ఆగాలి. విజయవాడలోనూ హైదరాబాదులోనూ పుస్తకాలు కంపోజ్ చేసే మిత్రులు నాతో అన్నారు: "మా పనంతా అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉందండీ. మీ లైనక్స్‌లో అవి నడవవు. మారమంటే మా పొట్ట మీద కొట్టినట్టే." నిజమే. ఆ కష్టం నాకు తెలుసు. నా మొదటి పుస్తకం కంపోజ్ అయినదీ అలాగే.

ఆ కష్టం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చూడాలి. అనులో కొట్టిన పేజీలో కంప్యూటరుకి తెలుగు లేదు. ఫైల్లో ఉండేవి రోమన్ అక్షరాలూ గుర్తులూ. వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే "అమ్మ" అన్న మాట పిచ్చిగీతలవుతుంది. ఆ ఫైల్లో ఒక మాట వెతకలేం. పదాలని అకారాదిగా పేర్చలేం. చూపులేనివారి కోసం కంప్యూటరు చేత చదివించలేం. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అడోబీ ఆ తర్వాత దాన్ని వదిలేసింది. 1990ల నుంచి తెలుగులో అచ్చయిన కథలు, నవలలు, శతకాలు, సిద్ధాంత గ్రంథాలు, పత్రికల పాత సంచికలు ఎన్నెన్నో ఆ ఫైళ్లలోనే ఉండిపోయాయి. రచయిత పోయాక కొడుకు వచ్చి మా నాన్న నవల ఫైలు కావాలండీ అని అడిగితే, తెరవడానికి పాత విండోస్ యంత్రం ఒకటి వెతకాలి. తెరుచుకున్నా, అన్ని యంత్రాలకీ అర్థమయ్యే యూనికోడ్‌లోకి మార్చేసరికి వత్తులు ఎక్కడెక్కడికో పోతాయి. మళ్లీ మొదటి పేజీ నుంచి ప్రూఫు దిద్దాలి.

అను చేసినవాళ్లని నేను తప్పుపట్టను. వేరే దారి లేని రోజుల్లో తెలుగు పుస్తకానికి అందమైన అక్షరం ఇచ్చారు. ఆపరేటర్లని అసలే పట్టను. కానీ యూనికోడ్‌లో తెలుగుకి 1991లో, తొలి వెర్షన్‌లోనే చోటు ఉంది. మన భాషని మన చేతిలో లేని సాఫ్ట్‌వేరుకి అప్పజెప్పితే ఏమవుతుందో చూపించే ఉదాహరణ ఇంతకన్నా దొరకదు. డీటీపీ మిత్రుడి కష్టం లైనక్స్ తెచ్చింది కాదు, లైనక్స్ లాంటి దారిలో మనం నడవనందుకు వచ్చింది.

మరి ఫోన్లో తెలుగు ఇంత చక్కగా ఎలా వస్తోంది? "రాష్ట్రం" అన్న మాట చూడండి. మూడు హల్లులు ఒకదాన్నొకటి పట్టుకుని ఒదగాలి. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రేఆఫీస్‌లో వాటిని అలా ఒదిగించేది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. దాన్ని తీర్చిదిద్దిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరాన్‌లో పుట్టినవాడు. హార్ఫ్‌బజ్ అన్న పేరు కూడా పర్షియన్ మాటే, హర్ఫ్ అంటే అక్షరం. పర్షియన్ లిపి తెర మీద సరిగా రావాలన్న పనిలోంచి వచ్చిన మనిషి కోడ్ తెరిచి పెట్టాడు. మన వత్తులు సరిగా నిలబడటానికి అదీ ఒక కారణం. ఈ వాక్యాన్ని మీరు ఆండ్రాయిడ్ ఫోన్లో చదువుతుంటే, ఇందులో ప్రతి గుణింతమూ ఆ కోడ్ గుండానే మీ కంటికి చేరింది.

దీని పక్కన 2018 ఫిబ్రవరి పెట్టి చూడండి. "జ్ఞానం"లో మొదటి అక్షరం "జ్ఞా", ఒక కనపడని సంకేతంతో కలిసి సందేశంలో వస్తే, ఐఫోన్లో ఆ సందేశం చూపే యాప్ కుప్పకూలేది. ప్రపంచమంతా మన అక్షరాన్ని ప్రమాదకరమైనదిగా చెప్పుకుంది. యాపిల్ ఆ నెల 19న సవరణ విడుదల చేసింది. ఆలస్యం చేయలేదు, నిజమే. అది వచ్చేదాకా తెలుగువాళ్లు చేయగలిగింది మాత్రం ఏమీ లేదు. అక్షరం మనది, లోపం ఎక్కడుందో చూసే హక్కు మనకి లేదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లని జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు. వాటిలో ఒక వత్తు పక్కకి జరిగి కనిపిస్తే, తెలిసినవాళ్లు ఎవరైనా విప్పి సరిచేయవచ్చు. నేను కోరుతున్న తేడా ఇదే.

డీటీపీ మిత్రులకి ఇంకో మాట. అనులో ఆపిల్ కీబోర్డుకి అలవాటుపడిన వేళ్లకి లైనక్స్‌లో కొత్త అభ్యాసం అక్కర్లేదు. ఆ అమరికే యూనికోడ్ తెలుగు రాయడానికి అక్కడ ఉంది, పోతన అమరికా, ఆర్‌టీఎస్ అమరికా కూడా ఉన్నాయి. పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది. 2017లో వచ్చిన 1.5.3 నుంచి తెలుగు వత్తుల్ని సరిగా చూపిస్తుంది. పేజ్‌మేకర్‌లో ఇరవై ఏళ్లు పండిన చేతికి ఉన్న వేగం అందులో వెంటనే వస్తుందని చెప్పను. పాత పనికి పాత యంత్రం ఉంచుకుని, కొత్త పుస్తకం ఒకటి ఇటు మొదలుపెట్టి చూడమంటాను.

మిగతా మినహాయింపులు త్వరగా చెప్పేస్తాను. ట్యాలీ మీద బతికే అకౌంటెంటు, ఆటోక్యాడ్ మీద గీసే ఇంజనీరు, ఫోటోషాప్ మీద ఆధారపడ్డ పెళ్లి ఫోటోగ్రాఫరు, టెండర్ల కోసం డిజిటల్ సంతకం డాంగిల్ వాడే కాంట్రాక్టరు, వీళ్లెవరినీ రేపే మారమనడం లేదు. వాళ్లకి విండోస్ కావాలి, ఉంచుకోవాలి. కానీ మన ఇళ్లలో ఎన్ని కంప్యూటర్ల మీద ట్యాలీ నడుస్తోంది? బ్రౌజరు, ఉత్తరాలు, సినిమాలు, పిల్లల పాఠాలు, నాలుగు ఫోటోలు. చాలా ఇళ్లలో పని ఇంతే.

భద్రత గురించి ఒక వాదన తరచూ వస్తుంది, కోడ్ అందరికీ కనిపిస్తే దొంగకీ కనిపిస్తుందని. 2017 మే నెలలో వన్నాక్రై అనే హానికర ప్రోగ్రాం వచ్చి విండోస్ యంత్రాల ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. విండోస్ కోడ్ రహస్యంగానే ఉంది, దొంగని ఆపలేదు. సవరణ మార్చిలోనే వచ్చింది, వేసుకోని యంత్రాలు దొరికిపోయాయి. అటు లైనక్స్ వైపు 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉపకరణంలో ఎవరో ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి దొంగదారి పెట్టారు. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, అదీ మైక్రోసాఫ్ట్ ఉద్యోగి. లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానం వచ్చి తవ్వుకుంటూ వెళ్లాడు. తవ్వనిచ్చింది కోడ్ తెరిచి ఉండటమే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో లోపాలుండవని నేననను. లోపాన్ని వెతికే చేతులకి సంకెళ్లు లేవంటాను.

"ఏదైనా అయితే ఎవర్ని అడగాలి?" అన్నది పెద్దల ప్రశ్న. విండోస్ లైసెన్సు ఒప్పందాన్ని ఎప్పుడైనా చదివారా? నష్టం జరిగితే మీరు కట్టిన ధరకి మించి కంపెనీ బాధ్యత తీసుకోదని అందులో రాసి ఉంటుంది. ఇవాళ కూడా మనం అడుగుతున్నది రెడ్మండ్‌లోని మైక్రోసాఫ్ట్‌ని కాదు, వీధి చివర షాపు కుర్రాడిని. రేపూ అతన్నే అడుగుతాం. అతనికి ఒక వారం నేర్పితే చాలు.

ఇక ఆ కంపెనీయే చేయి వదిలేస్తే? 2025 జులైలో గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీకి ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. రష్యన్ వాటా ఉన్నందుకు యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టింది. భారతదేశంలో రిజిస్టరై, భారత చట్టాల కింద నడిచే ఆ కంపెనీకి మైక్రోసాఫ్ట్ ఈమెయిలు సేవలు ఆపేసింది. వాళ్లు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాక సేవలు తిరిగొచ్చాయి. అది ఆపరేటింగ్ సిస్టం సంగతి కాదు, ఈమెయిలు సంగతే. అయినా, నెల నెలా డబ్బు కట్టే పెద్ద కంపెనీకే తన సొంత ఉత్తరాలు ఒక పూటలో అందకుండా పోతే, మన మండలాఫీసు, మన బడి, మన ఆసుపత్రి ఏ ధైర్యంతో కూర్చున్నాయి? ఓపెన్ సోర్స్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007 నుంచి బాస్ లైనక్స్ ఇస్తోంది. కాగితం మీద లోటేమీ లేదు. కేరళలో టీచర్లు చూపిన పట్టుదలే మనదగ్గర కరువైంది.

చివరికి అభిమానం మాట కూడా వస్తుంది. మైక్రోసాఫ్ట్‌ని నడిపేది హైదరాబాదులో చదివిన సత్య నాదెళ్ల, 1998 నుంచి ఇక్కడ వాళ్ల అభివృద్ధి కేంద్రం ఉంది, వేలమంది మన పిల్లలు అందులో పనిచేస్తున్నారు, అలాంటి కంపెనీని కాదంటావా అని. నాకూ ఆయనంటే గౌరవమే. 2001లో బామర్ లైనక్స్‌ని క్యాన్సర్‌తో పోలిస్తే, 2014లో నాదెళ్ల మైక్రోసాఫ్ట్‌కి లైనక్స్ అంటే ఇష్టమని వేదిక మీద ప్రకటించాడు. ఆయనే అంత మాటన్నాక, తెనాలిలో మా పెద్దనాన్నకి మాత్రం అది పనికిరాదని ఎందుకనాలి?

మీ ఇంట్లో అటక మీదో, బీరువాలోనో అలాంటి లాప్‌టాప్ ఒకటి ఉంటే, ఈ ఆదివారం పొద్దున కిందికి దించండి. ముందుగా ఫోటోలు, కాగితాలు ఇంకో డిస్కులోకి తీసి పెట్టుకోండి. బిట్‌లాకర్ తాళం ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మింట్ ఎక్కించి, దాని నుంచే యంత్రాన్ని నడపండి. హార్డ్ డిస్కు జోలికి పోకుండానే అది పనిచేస్తుంది. వైఫై దొరుకుతోందా, శబ్దం వస్తోందా, ప్రింటరుని గుర్తుపడుతోందా, అన్నీ చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లనీ చిన్నవాళ్లనీ కూర్చోబెట్టి, వాళ్ల పని వాళ్లనే చేసుకోనివ్వండి. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ ఆన్ చేయండి. మీ విండోస్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.